బండారు, నలుగు, సున్నిపిండి: పశ్చిమ కర్నూలు సీమలో చర్మసంరక్షణ ద్రవ్యాల చరిత్ర

చర్మసంరక్షణకు తెలుగువారు వాడిన వృక్షసంబంధ ద్రవ్యాల చరిత్రకు రెండు రకాల ఆధారాలున్నాయి. వైద్యగ్రంథాలు, కావ్యాలు, నిఘంటువులు, విదేశీ యాత్రికుల రాతలు మొదటి వర్గం. పెరడు, సంత, పెళ్ళిపందిరి, జాతర రెండవ వర్గం. మొదటి వర్గాన్ని చరిత్రకారులు విరివిగా వినియోగించుకొన్నారు. రెండవదాన్ని జానపద విజ్ఞానానికి వదిలివేయడం, అది ఏ కాలానికీ చెందనట్లు, ఎన్నడూ మారనట్లు రాయడం పరిపాటి అయింది. ఈ విభజన వల్ల నష్టం పాండిత్యానికి మాత్రమే పరిమితం కాదు. వాడుకలో ఉన్న జ్ఞానం రాతలో లేకపోతే చట్టం ముందు అది లేనట్టే లెక్కకు వచ్చిన సందర్భం 20వ శతాబ్ది చివర పసుపు విషయంలో ఎదురయింది. కర్నూలు జిల్లా పడమటి భాగంలోని వాడుకలను ఆధారంగా చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఆదోని, ఆలూరు, ఎమ్మిగనూరు, కోడుమూరు, గూడూరు ప్రాంతాలు నేడు ఒకే సీమగా కనిపించినా వీటి పాలనాచరిత్ర ఒకటి కాదు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు బళ్ళారి జిల్లాలో ఉండేవి. గూడూరు, కోడుమూరు కర్నూలు వైపువి. అంతకు పూర్వం కల్యాణి చాళుక్యుల కాలంలో ఆదోని పరిసరాలు సిందవాడి నాడులో భాగం. తరువాత విజయనగరం, బీజాపూరు, మొగలులు, నిజాము, 1800 నుంచి ఈస్టిండియా కంపెనీ. తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ కలిసి బతికిన నేల కావడం వల్ల ఇక్కడ ఒంటికి పూసుకొనే ద్రవ్యాల పేర్లలో మూడు భాషల జాడలూ దొరుకుతాయి.

మాటల సాక్ష్యం

‘నలుగు’ అనే మాట నలగడం, నలపడం అనే క్రియలకు చుట్టం. ఒంటిమీద పిండిని నలిపి రుద్దే పనినే ఆ మాట చెబుతుంది. అందానికో, రంగుకో సంబంధించిన అర్థం దానిలో లేదు. కావ్యభాషలో దీనికి దగ్గరగా ఉన్న మాట ‘అటకలి’. తలంటుకొన్న తరువాత జిడ్డు పోవడానికి రుద్దుకొనే పిండి అది. నేటి వ్యవహారంలో ఆ మాట దాదాపు లుప్తమయింది. సంస్కృతంలో దీనికి సమానమైనది ‘ఉద్వర్తనం’. ఆదోని ముస్లిం కుటుంబాలు పెళ్ళికి ముందు వాడే ‘ఉబటన్’ ఈ ఉద్వర్తన శబ్దం నుంచే ప్రాకృతాల మీదుగా వచ్చింది. అంటే ఒకే వీధిలో ఒక ఇంట నలుగు అని, మరొక ఇంట ఉబటన్ అని పిలిచే వస్తువుకు మూలభావన ఒకటే. దక్కను ముస్లిముల పెళ్ళిలో పసుపు పూసే ‘మాంఝా’ వేడుక కూడా ఈ వరుసలోనిదే. ‘సున్ని’, ‘సున్నం’ అనే మాటలను చూర్ణ శబ్దంతో ముడిపెట్టవచ్చు. పెసలు, శెనగలు విసిరిన పిండికి సున్నిపిండి అన్న పేరు అలా నిలిచింది.

ఈ పేర్లన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. ప్రధాన కార్యం నూనె. పిండి దాని తరువాతది. ముందు ఒంటికి నూనె పట్టించాలి, ఆ జిడ్డును వదిలించడానికి పిండి కావాలి. నేటి విపణిలో నలుగుపిండిని రంగు తెచ్చే లేపనంగా అమ్మడం ఈ క్రమాన్ని తలకిందులు చేయడమే.

గ్రంథాలు చెప్పేది, చెప్పనిది

అష్టాంగహృదయం సూత్రస్థానంలోని దినచర్యాధ్యాయం అభ్యంగం, వ్యాయామం, ఉద్వర్తనం, స్నానం అనే వరుసను పాటిస్తుంది. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్ది పూర్వార్ధంలో కూర్చిన మానసోల్లాసం స్నానానికి, విలేపనానికి వేరువేరు ప్రకరణాలు కేటాయించింది. సిందవాడి ఆ చక్రవర్తి ఏలుబడిలోనిదే. అయితే ఆ ప్రకరణాలు వర్ణించేది రాజభోగాన్ని గనుక అందులోని సుగంధద్రవ్యాలను సామాన్యుల స్నానానికి అన్వయించడం తగదు.

విజయనగరానికి 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ కృష్ణదేవరాయల ఉదయచర్యను వర్ణించాడు. ఆ రాతను రాబర్ట్ సీవెల్ 1900లో తన విజయనగర చరిత్రతో పాటు ఆంగ్లంలో వెలువరించాడు. పాయెస్ చెప్పిన ప్రకారం రాయలు తెల్లవారకముందే ముప్పావు పింటు నువ్వులనూనె తాగి, అదే నూనెను ఒళ్ళంతా పట్టించుకొని, బరువులెత్తి, కత్తి తిప్పి, పట్టిన నూనె చెమటగా దిగిపోయేవరకు శ్రమించేవాడు. ఆపై మల్లునితో కుస్తీ, గుర్రపు స్వారీ, స్నానం. ఇందులో గమనించదగినది నూనె పేరు. చక్రవర్తి ఒంటికి పట్టించింది నువ్వులనూనె. చుట్టుపట్ల మెట్టచేలలో పండే పంట అది. నువ్వులు, ఆముదం, కుసుమ ఈ సీమ నల్లరేగడి, ఎర్రనేలల పాత నూనెగింజలు. నేడు ఆదోని మార్కెట్టుకు పేరు తెచ్చిన వేరుశెనగ వీటి పక్కన కొత్తగా వచ్చింది.

పసుపు విషయంలో గ్రంథాల సాక్ష్యం ఇంకా ఆసక్తికరం. చరకసంహిత సూత్రస్థానం నాలుగవ అధ్యాయంలో మూలికలను పదేసి చొప్పున గణాలుగా చేసింది. వాటిలో ఒంటికి మంచి వర్ణం ఇచ్చేవి ‘వర్ణ్య’ గణం. చందనం, వట్టివేరు, యష్టిమధుకం, మంజిష్ఠ, సుగంధిపాల వంటివి అందులో ఉన్నాయి. పసుపు లేదు. పసుపు కనబడేది చర్మవ్యాధులను పోగొట్టే ‘కుష్ఠఘ్న’ గణంలోను, విషహరాలలోను. అమరకోశంలో పసుపుకు ‘వరవర్ణిని’ అన్న పర్యాయపదం ఉంది. 16వ శతాబ్దికి చెందిన భావప్రకాశం ‘యోషిత్ప్రియ’, ‘హట్టవిలాసిని’ అన్న పేర్లను కూడా చెబుతుంది. గణాలు కూర్చిన వైద్యుడు పసుపును రోగహరంగా చూశాడు. నిఘంటుకారులు స్త్రీలకు ప్రియమైనదిగా, రంగునిచ్చేదిగా గుర్తించారు. వైద్యుని పట్టికలోకి రాని వాడుక పర్యాయపదాల రూపంలో మిగిలిందని ఊహించడం అసంగతం కాదు.

‘హట్టవిలాసిని’ అంటే అంగడిలో విలసిల్లేది. పశ్చిమ కర్నూలు విషయంలో ఈ పేరు అక్షరాలా నిజం. పసుపుకు ఏడెనిమిది నెలల కాలం, నీటి వసతి కావాలి. వర్షాధారపు మెట్టసేద్యం ప్రధానమైన ఆదోని, ఆలూరు సీమ దానికి అనువు కాదు. తెలుగునాట పసుపు మండీలకు పేరు పొందినవి దుగ్గిరాల, కడప, నిజామాబాదు. ప్రతి గడపకూ రాసే, ప్రతి వధువుకూ పూసే ద్రవ్యం ఈ సీమకు ఎప్పుడూ కొనుగోలు సరుకే. కుంకుడు, సీకాయలకు కూడా అడవి ప్రాంతాల నుంచి వచ్చిన సరుకు మీదనే ఆధారపడాలి. పొలంగట్టున ఉచితంగా దొరికేవి తంగేడు, వేప, కానుగ, ఆముదం. కనుక ‘ఇంటి వైద్యం’ అనే మాటను ఇక్కడ జాగ్రత్తగా వాడాలి. నలుగు గిన్నెలో సగం చేనుది, సగం సంతది.

తంగేడు గురించి ఒక ప్రస్తావన అవసరం. ఎండబెట్టిన తంగేడు పూలను పెసలతో కలిపి విసిరిన పిండి ఒంటికి మంచిదని వాడుక. అదే చెట్టు బెరడు తోళ్ళు ఊనడానికి దక్షిణభారతమంతటా ప్రధాన ద్రవ్యం. మద్రాసు నుంచి ఎగుమతి అయిన ఊనిన తోళ్ళ పరిశ్రమ చాలాకాలం ఈ బెరడు మీదనే నడిచింది. పువ్వు ముత్తైదువ ఒంటికి చేరి శుభద్రవ్యమయింది. బెరడు మాదిగవాడలోని తొట్టికి చేరి, దానిని ముట్టిన చేతులను ఊరు దూరం పెట్టింది. బెరడులోని టానిన్ తోలును ఏ విధంగా బిగించి నిలబెడుతుందో తరతరాలుగా చేతులతో తెలుసుకొన్న వారి జ్ఞానాన్ని సౌందర్యద్రవ్యాల చరిత్రలో ఎవరూ చేర్చలేదు.

నీరు, సబ్బు

పశ్చిమ కర్నూలులో నలుగు, సీకాయ, కుంకుడు సబ్బు వచ్చిన తరువాత కూడా చాలాకాలం నిలవడానికి సంప్రదాయాభిమానం ఒక్కటే కారణమని చెప్పడం తేలిక. నీటిని కూడా చూడాలి. రేగడినేలల బావినీరు తరచుగా ఉప్పన, కఠినం. కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారతాయి. నురగ రాదు, ఒంటిమీద జిగట మిగులుతుంది. కుంకుడు తొక్కలో, సీకాయలో ఉన్న సాపోనిన్లకు ఈ ఇబ్బంది అంతగా లేదు. శెనగపిండి, పెసరపిండి నూనెను పీల్చుకొని రాలిపోతాయి గనుక వాటికి నురగతో పనే లేదు. పైగా మామూలు సబ్బు క్షారగుణం కలది, ఆరోగ్యవంతమైన చర్మం పైపొర కొంత ఆమ్లగుణం కలది. గూడూరు, ఎమ్మిగనూరుల వంటి చేనేత కేంద్రాలలో ఈ వివేకం మరొక రూపంలోనూ ఉపయోగపడింది. పట్టును, ఉన్నిని క్షారం పాడుచేస్తుంది గనుక వాటిని కుంకుడురసంతో ఉతకడం తెలుగు ఇళ్ళన్నిటా ఉన్న వాడుక. ఒంటికి వాడినదే పట్టుకు వాడడం యాదృచ్ఛికం కాదు. పట్టు, ఉన్ని, చర్మం మూడూ ప్రధానంగా మాంసకృత్తులతో నిర్మితమైనవే.

లీవర్ కంపెనీ సన్‌లైట్ సబ్బు 1888లో భారతదేశానికి చేరింది. 1895లో లైఫ్‌బాయ్ వచ్చింది. సబ్బులో జంతువుల కొవ్వు ఉందన్న శంక స్వదేశీ ఉద్యమకాలంలో బలపడింది. కేవలం వృక్షతైలాలతో చేసిన సబ్బు అని గోద్రెజ్ ప్రచారం చేసుకొన్నది ఆ నేపథ్యంలోనే. 1918లో బెంగళూరులో మైసూరు ప్రభుత్వ సబ్బు కర్మాగారం మొదలయింది. చరకుని వర్ణ్యగణంలో మొదట నిలిచిన చందనం ఆ విధంగా ప్రభుత్వ పరిశ్రమ సరుకై బళ్ళారి, ఆదోని అంగళ్ళకు అందుబాటులోకి వచ్చింది. ‘సహజం’ అనే విశేషణం వ్యాపారభాషలోకి ప్రవేశించిన తొలిదశ ఇది. నేటి మూలికా ఉత్పత్తుల ప్రకటనలు కొత్తగా కనిపెట్టినది పెద్దగా ఏమీ లేదు.

సహజమైనదంతా నిరపాయకరం కాదన్నది సున్నిపిండిలోనే రుజువవుతుంది. కచ్చూరాలు, వట్టివేళ్ళతో పాటు చాలాచోట్ల అందులో బావంచాలు కలుపుతారు. బావంచ గింజలలోని సోరలిన్ అనే పదార్థాన్ని 1933లో భారతీయ రసాయనవేత్తలే వేరుచేశారు. అది చర్మానికి తగిలి ఆపై ఎండ సోకితే రంగు మారుతుంది, మోతాదు మించితే బొబ్బలెక్కుతుంది. ఈ గుణం వల్లనే బావంచ బొల్లిమచ్చల చికిత్సలో స్థానం పొందింది. 1970ల నుంచి ఆధునిక చర్మవైద్యంలో సోరలిన్‌ను అతినీలలోహిత కాంతితో కలిపి వాడుతున్నారు. తలంటు తెల్లవారుజామున పోసుకొనేది గనుక పిండి పూర్తిగా కడిగివేసిన తరువాతనే ఎండ పడేది. అదే పిండిని ముఖానికి పట్టించుకొని పగలు ఎండలో తిరిగితే ఫలితం వేరు. పొట్లం మీద రాసిన దినుసుల జాబితాతో పాటు వేళ, క్రమం కూడా వస్తే తప్ప పాత వాడుక సంపూర్ణంగా వచ్చినట్లు కాదు.

పసుపు ఎవరికి?

పసుపును చర్మసంరక్షణ ద్రవ్యంగా మాత్రమే చూసే రచనలు ఒక కఠినమైన వాస్తవాన్ని దాటవేస్తాయి. ఇది స్త్రీ సాంఘికస్థితిని ఒంటిమీద రాసే ద్రవ్యం. సువాసినికి విధి, విధవకు నిషేధం. చర్మానికి మేలు చేస్తుందన్నదే వాడుకకు కారణమయితే భర్త మరణించిన మర్నాటి నుంచి ఆ మేలు ఆగవలసిన అవసరం లేదు. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆ వధువుకు తిరిగి దక్కిన వాటిలో పసుపు, కుంకుమ కూడా ఉన్నాయని గుర్తుంచుకోవాలి. ఆస్తి వ్యవహారంలో కూడా ఈ మాట పాతుకొనిపోయింది. ఆడపిల్లకు పుట్టింటివారు ఇచ్చే భూమిని ‘పసుపుకుంకుమల కింద’ ఇచ్చినట్లు చెప్పడం తెలుగునాట వాడుక. అటువంటి దానాల చెల్లుబాటు న్యాయస్థానాల దాకా వెళ్ళింది. ఒంటిమీద రంగు, పొలం మీద హక్కు ఒకే మాటలో ఇమిడిపోయిన సందర్భాలు భాషలో అరుదు.

దేవరగట్టు బండారు

ఈ సీమలో పసుపు స్త్రీలకు, పెళ్ళికి మాత్రమే పరిమితం కాదు. ఆలూరు ప్రాంతంలోని హొళగుంద మండలం దేవరగట్టు మీద మాళ మల్లేశ్వరస్వామి ఆలయం ఉంది. మణి, మల్లాసురులనే రాక్షసులను సంహరించిన దేవుడని స్థలకథ. విజయదశమి రాత్రి జరిగే బన్ని ఉత్సవంలో నెరణికి మొదలైన ఊళ్ళవారు ఒకవైపు, మరికొన్ని ఊళ్ళవారు మరొకవైపు నిలిచి, ఉత్సవమూర్తుల కోసం కర్రలతో తలపడతారు. ప్రతి ఏటా పదుల సంఖ్యలో తలలు పగులుతాయి. పోలీసు బందోబస్తు, వైద్యశిబిరాలు ఏర్పాటయినా చాలామంది గాయపడినవారు ముందు చేసే పని ఒకటే. గాయం మీద పసుపు అద్దుకొని నడిచిపోతారు. ఆ పసుపు పేరు ‘బండారు’.

భండారమంటే కోశాగారం. దేవుని బంగారు నిధికి ప్రతీకగా పసుపుపొడికి ఈ పేరు వచ్చిందని భావించవచ్చు. మహారాష్ట్రలో జెజూరి ఖండోబా, కర్ణాటకలో మైలారలింగడు, తెలంగాణలో కొమురవెల్లి మల్లన్న, ఇక్కడ మాళ మల్లేశ్వరుడు: ఈ దేవతా పరంపర అంతటా పసుపుపొడే ప్రసాదం, పసుపుపొడే గుర్తు. కాకతీయ ఓరుగల్లులో మైలార భక్తుల సాహసాలను క్రీడాభిరామం వర్ణించింది. కర్నూలు జిల్లా గొరవయ్యలు ఎలుగుబంటి వెంట్రుకల కుచ్చుటోపీ, డమరుకం, పిల్లనగ్రోవులతో ఈ దేవుని కొలువును ఊరూరా తిప్పుతారు. వీరు కురుబ, గొల్ల వంటి పశుపాలక సమాజాలతో ముడిపడినవారు. వారి దగ్గర భక్తులు నుదుట పెట్టించుకొనేది బండారే. చరకుని కుష్ఠఘ్న, విషఘ్న గణాలలోని హరిద్రను ఇక్కడ పశువుల కాపరులు ఏ గ్రంథం చదవకుండా గాయానికి వాడారు. గ్రంథం నుంచి జాతరకు వచ్చిందా, జాతర నుంచి గ్రంథానికి పోయిందా అన్న ప్రశ్నకు అవకాశం ఉన్నది రెండవ వైపే ఎక్కువ. గణాలు కూర్చిన వైద్యుడు తనకు ముందున్న వాడుకను క్రమబద్ధం చేసి ఉంటాడే గాని గాయానికి పసుపు పెట్టడం లోకానికి నేర్పి ఉండడు.

రాత లేని సాక్ష్యం

1995 మార్చిలో అమెరికా పేటెంటు కార్యాలయం పసుపుతో గాయం మాన్పే పద్ధతి మీద మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి పేటెంటు మంజూరు చేసింది. దరఖాస్తు చేసిన పరిశోధకులిద్దరూ భారతీయ మూలాలవారే. భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి 1996లో పునఃపరిశీలన కోరింది. పసుపు గుణం కొత్తది కాదని చూపడానికి సంస్కృతం, ఉర్దూ, హిందీ భాషలలోని రచనలు, 1953లో భారతీయ వైద్యసంఘం పత్రికలో వచ్చిన వ్యాసంతో కలిపి 32 ఆధారాలు సమర్పించింది. 1997 ఆగస్టులో పేటెంటు హక్కులు చెల్లవని తీర్పు వచ్చింది. దేశమంతా దీన్ని విజయంగా జరుపుకొన్నది.

ఆ విజయం ఏ దారిన వచ్చిందన్నది అంతగా చర్చకు రాలేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఒక విషయం అమెరికాలో వాడుకలో ఉంటే అది పూర్వజ్ఞానం. ఇతర దేశాలలో అయితే వాడుక చాలదు, అచ్చులో వర్ణితమై ఉండాలి లేదా అప్పటికే పేటెంటు పొంది ఉండాలి. దేవరగట్టు మీద ప్రతి దసరాకు వేలమంది కళ్ళెదుట జరిగే చికిత్స ఆ చట్టం దృష్టిలో సాక్ష్యం కాదు. సంస్కృత గ్రంథంలోని ప్రస్తావన సాక్ష్యం, పత్రికా వ్యాసం సాక్ష్యం. 2011లో చేసిన సవరణ 2013 మార్చి నుంచి అమలులోకి వచ్చాక గాని విదేశీ బహిరంగ వాడుకకు ఆ చట్టంలో చోటు దొరకలేదు.

భారతదేశం 2001లో చేపట్టిన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం ఆ అనుభవం నుంచి పుట్టింది. ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాలలోని యోగాలను విదేశీ పేటెంటు పరిశీలకులకు అర్థమయ్యే భాషలలోకి తెచ్చిన మహత్తరమైన పని అది. తెలుగువారి వైద్యగ్రంథాలైన బసవరాజీయం, వైద్యచింతామణి ఔషధ, సౌందర్యద్రవ్యాల చట్టం మొదటి షెడ్యూలులో ప్రామాణిక గ్రంథాలుగా స్థానం పొందాయి. గ్రంథస్థమైన దానికి ఈ విధంగా రక్షణ ఏర్పడింది. గ్రంథానికి బయట మిగిలినది ఎక్కడిది అక్కడే ఉంది. వలసపాలన కాలపు నమోదులోనూ ఇదే లోపం. వైట్‌లా ఐన్‌స్లీ 1826 నాటి ‘మెటీరియా ఇండికా’లో తెలుగు పేర్లు ఇచ్చాడు గాని ఏ ప్రాంతపు తెలుగో చెప్పలేదు. వాల్టర్ ఇలియట్ 1859లో మద్రాసులో అచ్చువేసిన ‘ఫ్లోరా ఆంధ్రికా’ తెలుగు మొక్కల పేర్లకు మొదటి పెద్ద పట్టిక. అది ఉత్తర సర్కారులకు ఉద్దేశించినది. దత్తమండలాల తెలుగుకు, అందులోనూ కన్నడం కలిసిన ఆదోని, ఆలూరు తెలుగుకు, అటువంటి పట్టికను ఆనాడు ఎవరూ కూర్చలేదు.

పసుపు గుణాల మీద నేటి విజ్ఞానశాస్త్రం ఏకాభిప్రాయానికి రాలేదని కూడా చెప్పాలి. కర్కుమిన్‌కు ప్రయోగశాలలో సూక్ష్మజీవులను నిరోధించే శక్తి కనబడుతుంది. అయినా 2017లో ఔషధరసాయన శాస్త్ర పత్రికలో వచ్చిన ఒక విస్తృత సమీక్ష, అది అస్థిరమైన పదార్థమని, మనుషుల మీద కట్టుదిట్టంగా జరిపిన పరీక్షలలో దాని ఫలితం నిర్ధారణ కాలేదని చెప్పింది. అంతకంటె దగ్గరి చిక్కు కల్తీ. మెటానిల్ ఎల్లో అనే కృత్రిమ రంగు, సీసపు క్రోమేటు కలిపిన పసుపు భారత ఉపఖండపు అంగళ్ళలో పలుమార్లు పట్టుబడింది. ఇంట కొమ్ములు దంచినప్పుడు ఈ ప్రమాదం తగ్గుతుందే గాని పూర్తిగా పోదు. దేవరగట్టు మీద గాలిలోకి చల్లేది, గాయాలకు అద్దేది నేడు చాలావరకు సంచులలో కొన్న పొడి. ఆ పొడిలో ఏముందో జాతర మైదానంలో పరీక్షించే ఏర్పాటు అవసరం. వైద్యశిబిరానికి పంపే మందుల పెట్టెతో పాటు ఆహార పరిరక్షణ శాఖ వారి నమూనా సీసాలు కూడా ఆ రాత్రి గట్టు ఎక్కవచ్చు.